ఆరు ముద్రణలు: డార్విన్ గ్రంథంలోని దిద్దుబాట్లపై ఒక విమర్శ

ఏ గ్రంథమైనా ఒక్కసారిగా తయారు కాదు. చిత్తుప్రతి, శుద్ధప్రతి, ప్రూఫులు, పునర్ముద్రణలు - ఇన్ని దశలు దాటిన తరువాతనే అది స్థిరరూపం పొందుతుంది. ప్రతి దశలోను రచయితకు తన వ్రాతను మార్చుకొనే అవకాశం ఉన్నది. ఆ అవకాశంతో గ్రంథాన్ని బాగుచేయవచ్చు, పాడుచేయనూ వచ్చు. కథలో ఒక వాక్యం మారితే రుచి మారుతుంది. శాస్త్రగ్రంథంలో ఒక వాక్యం మారితే చెప్పిన విషయమే మారిపోవచ్చు. అందుచేత శాస్త్ర విషయాలు వ్రాసేవారు, అనువదించేవారు, చదివేవారు కూడా దిద్దుబాటును గురించి కొంత ఆలోచించటం అవసరం.

ఇందుకు ఛార్లెస్ డార్విన్ వ్రాసిన 'జాతుల ఉత్పత్తి' కంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం. ఆ గ్రంథం 1859 నవంబరు 24వ తేదీన లండనులో వెలువడింది. అచ్చయినవి 1,250 ప్రతులు. ఆరు వారాలు తిరిగేసరికి, 1860 జనవరి 7న, రెండవ ముద్రణ 3,000 ప్రతులతో వచ్చింది. తరువాత 1861, 1866, 1869, 1872 సంవత్సరాలలో మరి నాలుగు ముద్రణలు వచ్చాయి. ఈ ఆరింటిలో ఏ ఒక్కటీ ముందుదానికి అచ్చమైన నకలు కాదు. 1959లో మోర్స్ పెక్‌హామ్ అనే అమెరికా పండితుడు ఆరు పాఠాలనూ వాక్యానికి వాక్యం పోల్చి పాఠాంతరాలతో ప్రకటించాడు. ఆయన లెక్క ప్రకారం మొదటి ముద్రణలోని వాక్యాలు 3,878. వాటిలో దాదాపు 3,000 వాక్యాలను, అనగా నూటికి 75 వంతులను, డార్విన్ ఒకటి నుండి ఐదు మారులు తిరిగి వ్రాశాడు. 1,500కు పైగా క్రొత్త వాక్యాలు చేర్చాడు. సుమారు 325 వాక్యాలు తొలగించాడు. మొత్తంమీద ఆరవ ముద్రణ మొదటిదానికంటె దాదాపు మూడవవంతు పెరిగింది.

రచయిత తానే సరిచూచి విడుదల చేసిన చివరి పాఠమే ప్రమాణమని గ్రంథ ప్రపంచంలో ఒక నమ్మకం ఉన్నది. ఆ నమ్మకం వల్లనే చాల కాలంపాటు లోకం డార్విన్‌ను ఆరవ ముద్రణలో చదివింది. ఈ నమ్మకం ఎంతవరకు సమంజసమో పరీక్షించటం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్తుప్రతి నుండి ప్రూఫు వరకు

డార్విన్ తన సిద్ధాంతాన్ని మొదట 1842లో పెన్సిలుతో 35 పుటలలో వ్రాసుకొన్నాడు. 1844లో దానిని సుమారు 230 పుటలకు పెంచాడు. 1856లో ఒక బృహద్గ్రంథం మొదలుపెట్టాడు. 1858 జూన్‌లో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ వద్దనుండి జాబు వచ్చేనాటికి అందులో పది ప్రకరణాలకు పైగా పూర్తి అయినాయి. అదే సిద్ధాంతాన్ని వాలెస్ స్వతంత్రంగా కనుగొన్నాడని ఆ జాబువల్ల తెలిసింది. అప్పుడు పెద్ద గ్రంథాన్ని ప్రక్కకు పెట్టి, దానికి సంగ్రహంగా పదమూడు నెలల పైచిలుకు కాలంలో డార్విన్ వ్రాసినదే నేడు మనం ఎరిగిన పుస్తకం.

ఆయన వ్రాసే పద్ధతి తెలుసుకోదగినది. మొదట్లో ప్రతి వాక్యాన్నీ మనసులో కూర్చుకొని గాని కాగితం మీద పెట్టేవాడు కాదట. అది వృథాశ్రమ అని తరువాత గ్రహించాడు. మాటలను సగం సగం కుదించి, గజిబిజి వ్రాతతో, పుటలకు పుటలు వేగంగా వ్రాసివేయటం, ఆ తరువాత తీరికగా దిద్దటం అలవరచుకొన్నాడు. అట్లా తొందరలో పడిన వాక్యాలే కొన్నిసార్లు ఆలోచించి వ్రాసిన వాటికంటె బాగుండేవని తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. వ్రాసే బుద్ధి, విమర్శించే బుద్ధి ఒకేమారు పని చేస్తే రెండూ కుంటుపడతాయి. ఈ రెండు పనులకు వేరువేరు వేళలు కేటాయించటంలో డార్విన్ విజ్ఞత కనబడుతున్నది.

చిత్తుప్రతి తయారైన తరువాత ఆ గ్రామంలోని బడిపంతులు దానికి శుద్ధప్రతి వ్రాసేవాడు. దానిని మళ్లీ దిద్ది మిత్రులకు పంపేవాడు. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్‌కు పంపిన భాగానికి ఒక చిత్రమైన ఆపద కలిగింది. పిల్లలు బొమ్మలు వేసుకొనే కాగితాల సొరుగులో అది పొరపాటున చేరింది. పిల్లలు దానిమీద తమ చిత్రకళను ప్రదర్శించారు. ఇక ప్రూఫులు వచ్చిన తరువాత డార్విన్ తన శైలి చూచి తానే దిగులుపడ్డాడు. దిద్దుబాట్లు విపరీతంగా పెరిగినందువల్ల ఖర్చులో న్యాయమైన భాగం తాను భరిస్తానని ప్రచురణకర్త జాన్ మరేకు వ్రాశాడు. ఆ దిద్దుబాట్లకు అయిన ఖర్చు 72 పౌండ్ల 8 షిల్లింగులు. ప్రూఫులను ఆయన భార్య ఎమ్మా కూడా చదివింది.

అక్షరం

ఇంతమంది చదివినా, ఇంత ఖర్చు పెట్టినా, మొదటి ముద్రణలో ఒక తప్పు నిలిచిపోయింది. ఇరవయ్యవ పుట పదకొండవ పంక్తిలో 'స్పీషీస్' అనే మాటలో ఒక అక్షరం అధికంగా పడింది. జాతి అని అర్థమిచ్చే ఈ మాట పుస్తకం పేరులోనే ఉన్నది, పుటపుటకూ వస్తుంది. సరిగా ఆ మాటలోనే తప్పు! ఈనాడు పాతపుస్తకాల వర్తకులు మొదటి ముద్రణను గుర్తించటానికి ఆ తప్పునే ఆనవాలుగా చూస్తారు.

ఇందులో ఆశ్చర్యం లేదు. చదివేటప్పుడు మన కన్ను పంక్తి వెంట ఏకధాటిగా సాగదు. గెంతుతూ, ఒక్కొక్కచోట సుమారు పావు సెకను ఆగుతూ పోతుంది. అలవాటైన మాటను అక్షరాలు కూడబలుక్కోకుండా మొత్తంగా పోల్చుకొంటుంది. చాలవరకు రాబోయే మాటను మనసు ముందే ఊహిస్తుంది. కాబట్టి ఎంత ఎక్కువగా వాడే మాట అయితే అంత సులభంగా అందులోని తప్పు తప్పించుకొంటుంది. అందరికంటె ఎక్కువగా మోసపోయేవాడు రచయిత. అక్కడ ఏముండాలో ఆయనకు ముందే తెలుసును కదా!

మన భాషలో ఈ ప్రమాదం మరొక రూపంలో ఉన్నది. డార్విన్ సిద్ధాంతానికి మనం పెట్టుకొన్న పేరు పరిణామ వాదం. 'ణా', 'మ' అక్షరాల హల్లులు తారుమారైతే అది పరిమాణ వాదమవుతుంది. పరిణామం మార్పును చెబుతుంది. పరిమాణం కొలతను చెబుతుంది. పరిమాణానికి ప్రమాణం పడినా మరొక సరియైన మాటే. మూడూ నిఘంటువులో ఉన్నవే. కనుక నిఘంటువుతో పోల్చి తప్పులు పట్టే కంప్యూటరు కూడా వీటిని చూచి చూడనట్లు పోతుంది. వాక్యం అర్థాన్ని బట్టి చూస్తేనే ఇట్టి తప్పు పట్టుబడుతుంది.

పాత అచ్చుకూటాలలో ఒకరు మూలప్రతిని బిగ్గరగా చదువుతూ ఉంటే మరొకరు ప్రూఫు చూచేవారు. ఈ పద్ధతిలో శాస్త్రీయమైన కారణమున్నది. చెవి ఒక మాట వింటూ, కన్ను మరొక మాట చూస్తే మనసు ఊహించి పోలేదు, ఆగవలసి వస్తుంది. వ్రాసిన వెంటనే గాక కొన్ని రోజుల తరువాత చూడటం, అంకెలను మాటలతో కలిపి చదవక ప్రత్యేకంగా ఒకమారు సరిచూడటం కూడా ఇందుకు తోడ్పడతాయి.

అంకె

అక్షరదోషం కంటికి కనబడే దోషం. అన్ని అక్షరాలూ, అంకెలూ సరిగా ఉండి కూడా తప్పు కాగల వాక్యాలున్నాయి. దక్షిణ ఇంగ్లండులో వీల్డ్ అనే ప్రాంతమున్నది. అక్కడి రాతిపొరలు అరిగిపోవటానికి ఎంత కాలం పట్టి ఉంటుందో డార్విన్ మొదటి ముద్రణలో లెక్కవేశాడు. ప్రకృతి వరణానికి ఎంతో దీర్ఘకాలం అవసరం. అంత కాలం భూమికి గడచిందని చూపటం ఆయన ఉద్దేశం.

ఆ ప్రాంతం వెడల్పు 22 మైళ్లు, అనగా 13,93,920 అంగుళాలు. 500 అడుగుల ఎత్తుగల కొండచరియను సముద్రం నూరేండ్లకు ఒక అంగుళం చొప్పున కోసివేస్తుందని అనుకొన్నాడు. పొరల మందం సగటున 1,100 అడుగులు, అనగా 500 అడుగులకు 2.2 రెట్లు. ఇవన్నీ గుణిస్తే 30,66,62,400 సంవత్సరాలు వస్తుంది. డార్విన్ ఆ అంకెనంతా వ్రాసి, సుమారు 30 కోట్ల సంవత్సరాలు అన్నాడు.

గుణకారంలో పొరపాటు లేదు. దోషం మరొకచోట ఉన్నది. నూరేండ్లకు ఒక అంగుళం అనేది కొలిచి తెలుసుకొన్న సంగతి కాదు. ఊహించి పెట్టుకొన్న సంఖ్య. ఊహమీద కట్టిన లెక్కకు తొమ్మిది అంకెల కచ్చితం ఎక్కడనుండి వస్తుంది? విమర్శకులు దీనిని పట్టుకొన్నారు. రెండవ ముద్రణలో డార్విన్ నూరేండ్లకు రెండు మూడు అంగుళాలు అనుకొనటం మంచిదేమోనని, అప్పుడు కాలం 15 కోట్లకో, 10 కోట్లకో తగ్గుతుందని చేర్చాడు. మూడవ ముద్రణలో ఆ లెక్కను పూర్తిగా తీసివేశాడు.

ఇది మంచి దిద్దుబాటు. వీల్డ్‌ను కప్పిన సుద్దపొరలే సుమారు 10 కోట్ల నుండి 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఏర్పడినవని నేడు మనకు తెలుసు. అవి ఏర్పడకముందే అరిగిపోవటం అసంభవం. అయితే భూమి వయస్సు అపారమనే అసలు వాదాన్ని డార్విన్ వదలలేదు. బలహీనమైన సాక్ష్యాన్ని తొలగించి వాదాన్ని నిలుపుకొన్నాడు. శాస్త్ర రచయితకు ఉండవలసిన నేర్పు ఇదే.

దీనికి ప్రక్కన ఎలుగుబంటి వాక్యాన్ని పెట్టి చూడాలి. ఉత్తర అమెరికాలోని నల్ల ఎలుగుబంటి గంటల తరబడి నోరు తెరచి ఈదుతూ నీటిలోని పురుగులను పట్టటం ఒక యాత్రికుడు చూచాడు. ఇట్టి జంతువు తరతరాల వరణంవల్ల తిమింగిలం వంటి జలచరంగా మారటం తనకు అసాధ్యంగా తోచదని డార్విన్ మొదటి ముద్రణలో వ్రాశాడు. దానిని చూచి ప్రతిపక్షులు నవ్వారు. రెండవ ముద్రణలో ఆ ఊహను తొలగించి, చూచిన సంగతిని మాత్రం ఉంచాడు. తిమింగిలాల పూర్వులు ఎలుగుబంట్లు కావు, గిట్టలుగల భూచరాలు. సుమారు 5 కోట్ల సంవత్సరాల నాటి వాటి శిలాజాలు దొరికాయి. ఉదాహరణ పొరపాటే గాని, భూమిమీద తిరిగిన క్షీరదాలనుండే తిమింగిలాలు వచ్చాయనే ఊహ సరియైన దారిలోనే ఉన్నది. వీల్డ్ లెక్కను సాక్ష్యం లేమి తొలగించింది. ఎలుగుబంటిని ఎగతాళి తొలగించింది. కాగితం మీద రెండు కొట్టివేతలూ ఒక్కరీతిగానే కనబడతాయి. కారణాలు మాత్రం ఒకటి కావు.

అభిప్రాయం

రెండవ ముద్రణలో మరొక మార్పు జరిగింది. గ్రంథం చివరి వాక్యంలో ఆదిజీవులలో ప్రాణం ఊదబడినదన్న చోట 'సృష్టికర్తచే' అనే మాట చేరింది. దీనికి ఏ క్రొత్త పరిశోధనా కారణం కాదు. లోకుల మనసు నొచ్చకుండటానికి చేసిన పని. లోకాభిప్రాయానికి తలవంచి ఆ పరిభాష వాడినందుకు చాల కాలంగా విచారిస్తున్నానని 1863లో హుకర్‌కు డార్విన్ స్వయంగా వ్రాశాడు. అయినా చివరి వాక్యంలో ఆ మాట ఆరవ ముద్రణ వరకు ఉండిపోయింది. దేవుని నమ్మటమా మానటమా అన్నది ఇక్కడ చర్చ కాదు. రచయిత తాను నిరూపింపదలచని సంగతిని వాదం మధ్య ఉంచాడా లేదా అన్నదే చర్చ. ఒకమారు చేర్చిన మాటను తీసివేయటం ఎంత కష్టమో కూడా ఇందువల్ల తెలుస్తున్నది. చేర్చినప్పుడు గమనించనివారు కూడా తీసివేస్తే గమనిస్తారు.

1869 నాటి ఐదవ ముద్రణలో 'యోగ్యతముల మనుగడ' అనే మాట ప్రవేశించింది. ఇది హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో కల్పించిన పదబంధం. 'ప్రకృతి వరణం' అంటే ఎవరో కూర్చుండి ఎంచుతున్నారని పాఠకులు భ్రమపడుతున్నారని, స్పెన్సర్ మాట వాడితే ఆ చిక్కు పోతుందని 1866లో వాలెస్ సలహా ఇచ్చాడు. సదుద్దేశంతో ఇచ్చిన సలహాయే. మన వరణం అనే మాటలోనూ ఎంపిక అనే అర్థమున్నది గనుక ఆ చిక్కు మనకూ తప్పలేదు. కాని క్రొత్తమాట అంతకంటె పెద్ద అపార్థాన్ని తెచ్చింది. యోగ్యత అంటే పరిసరాలకు తగి ఉండటమని, తగినన్ని పిల్లలను మిగల్చగలగటమని డార్విన్ భావం. లోకం దానిని బలవంతుడిదే రాజ్యమని చదువుకొన్నది. ఒక మాటను మార్చేటప్పుడు పాతమాటవల్ల కలిగే భ్రమను మాత్రమే చూస్తే చాలదు. క్రొత్తమాటవల్ల కలగబోయే భ్రమను కూడా తూచాలి. శాస్త్ర పరిభాష నిర్మించేవారు దీనిని ఎన్నడూ మరువరాదు.

వీటికంటె గంభీరమైనది శాస్త్రజ్ఞుల ఆక్షేపణలకు డార్విన్ చెప్పిన సమాధానం. 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు ఒక ప్రశ్న వేశాడు. తల్లిదండ్రుల లక్షణాలు రంగులవలె కలిసిపోతాయని నాడు అందరి నమ్మకం. అదే నిజమైతే ఒక జీవిలో అరుదుగా పుట్టిన మేలిమార్పు, పాలకుండలో పడిన రంగుచుక్కవలె, కొన్ని తరాలలో కరగిపోదా? డార్విన్ ఈ ప్రశ్నకు విలువ ఇచ్చి, ఐదవ ముద్రణలో అరుదైన మార్పులకంటె అందరిలోను ఉండే చిన్న చిన్న భేదాలకే ప్రాధాన్యమిచ్చాడు. లక్షణాలు కరగిపోవని, విడివిడి అంశాలుగా తరతరాలకు సంక్రమిస్తాయని చూపిన మెండెల్ వ్యాసం 1866లోనే అచ్చయింది. డార్విన్‌కు అది తెలియదు.

అవయవాల వాడుకవల్ల కలిగిన మార్పులు సంతానానికి సంక్రమిస్తాయనే కారణానికి కూడా తరువాతి ముద్రణలలో చోటు పెరిగింది. మొదటి ముద్రణలోనూ దానికి కొంత చోటున్న మాట నిజమే. ప్రకృతి వరణం ప్రధాన కారణమే గాని ఏకైక కారణం కాదని మొదటినుండీ చెబుతూనే ఉన్నానని ఆరవ ముద్రణలో డార్విన్ బాధతో గుర్తుచేశాడు. అయినా ఆక్షేపణ వచ్చినప్పుడల్లా ప్రక్క కారణానికి కొంత బలం పెంచటంవల్ల ప్రధాన వాదం స్వరం తగ్గింది. వాడుకవల్ల వచ్చిన మార్పులు ఆయన అనుకొన్న రీతిలో సంక్రమించవని తరువాతి జన్యుశాస్త్రం తేల్చింది. ఈ విషయంలో మొదటి ముద్రణే నేటి శాస్త్రానికి ఎక్కువ దగ్గరగా ఉన్నది.

ఆరవ ముద్రణలోని గుణాలు

అట్లని ఆరవ ముద్రణను త్రోసివేయటం న్యాయం కాదు. సామాన్యులకు అందుబాటులో ఉండేటట్లు అది తక్కువ వెలకు వచ్చింది. డల్లాస్ కూర్చిన పారిభాషిక పదాల వివరణ అందులో చేరింది. 'ఎవల్యూషన్' అనే మాట ఈ గ్రంథంలో మొదటిసారిగా కనబడినదీ అందులోనే. సెయింట్ జార్జ్ మైవార్ట్ 1871లో ఒక గ్రంథం వ్రాసి, పూర్తికాని అవయవంవల్ల జీవికి ఏమి ప్రయోజనమని అడిగాడు. దానికి సమాధానంగా డార్విన్ ఒక క్రొత్త ప్రకరణమే వ్రాశాడు. బాతుల ముక్కులలోని పలుచని పలకలను పోలికగా చూపుతూ, తిమింగిలం నోటిలోని జల్లెడ మెట్లు మెట్లుగా ఎట్లా ఏర్పడి ఉండవచ్చునో అందులో వివరించాడు. నేటికీ చదువదగిన భాగమది. ఒక్క లోపమేమంటే, అది గ్రంథం నడుమ ఉండి ప్రధాన వాదపు నడకను ఆపుతుంది. అనుబంధంగా ఉంచితే బాగుండేది.

ఆరవ ముద్రణలోని ఉత్తమమైన దిద్దుబాటు భూమి వయస్సుకు సంబంధించినది. తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన విలియం థామ్సన్, భూమి చల్లబడే వేగాన్ని బట్టి 1862లో దాని వయస్సును 2 కోట్లకు, 40 కోట్లకు నడుమ లెక్కగట్టాడు. పరిణామానికి ఆ కాలం చాలదని ఆక్షేపణ వచ్చింది. దీనిని డార్విన్ గడ్డు ఆక్షేపణగానే ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని రెండు సంగతులు చెప్పాడు. జాతులు ఏ వేగంతో మారతాయో సంవత్సరాలలో మనకు తెలియదు. భూగర్భాన్ని గురించి మన ఎరుక దాని వయస్సును నిశ్చయించటానికి చాలునని శాస్త్రజ్ఞులందరూ ఇంకా అంగీకరించలేదు.

ఇందులో ఎగతాళికి జంకటం లేదు, లోకుల మెప్పు కోరటం లేదు, లేని కచ్చితం లేదు. తెలిసినదాని హద్దు ఎక్కడో చూపి ఆగటమున్నది. భూగర్భంలో వేడి ప్రసరించే తీరును కెల్విన్ సరిగా లెక్కించలేదని 1895లో జాన్ పెర్రీ చూపాడు. 1896లో రేడియోధార్మికత బయటపడింది. రాళ్ల వయస్సు కొలిచే సాధనం దానినుండే లభించింది. నేడు భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని తెలుసు. డార్విన్ చూపిన హద్దు సరియైనచోటనే ఉన్నది.

తీర్పు

దిద్దుబాటు మంచిచెడ్డలను ముద్రణ సంఖ్య తేల్చదు. ఆ దిద్దుబాటుకు కారణం తేలుస్తుంది. ఈ కొలతతో చూస్తే డార్విన్ గ్రంథంలో వాదం సూటిగా, బలంగా నడిచిన పాఠం మొదటిది. ఎవరైనా ఈ గ్రంథాన్ని క్రొత్తగా తెలుగుచేయదలిస్తే మొదటి ముద్రణను మూలంగా గ్రహించి, అందులోని వీల్డ్ లెక్కవంటి తప్పులను అడుగున సూచించి, తరువాతి ముద్రణలలోని ముఖ్యమైన మార్పులను అనుబంధంగా ఇవ్వటం ఉచితం. అప్పుడు పాఠకునికి సిద్ధాంతంతోపాటు, ఆ సిద్ధాంతం పదమూడేండ్లు విమర్శలను ఎదుర్కొన్న చరిత్ర కూడా అందుతుంది. ఆరు ముద్రణలనూ ఇంటివద్దనే ప్రక్కప్రక్కన పెట్టి చూడగల సౌకర్యం నేడు కంప్యూటర్లవల్ల ఏర్పడింది గనుక ఇది కష్టమైన పని కాదు.

మన పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. ఫలానా పుటలో, ఫలానా పంక్తిలో, ఇది తప్పు, ఇది ఒప్పు అని బాహాటంగా చెప్పేవారు. కంప్యూటరు అచ్చు వచ్చిన తరువాత మూలాన్నే మార్చివేయటం సులభమైనది. మార్చిన జాడ పాఠకునికి తెలియటం లేదు. శాస్త్రగ్రంథాల విషయంలోనైనా ఆ పాత ఆచారాన్ని నిలుపుకొనటం మంచిది. అక్షరం దిద్దినచోట పట్టిక చాలు. అంకె మార్చినా, అభిప్రాయం మార్చినా, ఏ సాక్ష్యంవల్ల మార్చినదీ పీఠికలో ఒక్క వాక్యంతో చెప్పాలి. అట్లా చెప్పటానికి కారణం దొరకకపోతే ఆ మార్పు చేయక పూర్వపాఠాన్నే ఉంచటం మేలు.